చెరువు టీవీలో పడిన రోజు



పోయిన వారం బెంగళూరులో పని చేసుకుంటున్న మన సంఘపు తమ్ముడొకరు మా ఫోనుకు ఒక వీడియో పంపినారు. కింద ఒక్క మాట రాసినారు: "అయ్యగారూ, ఇందులో మీరు కూడా ఉండారు, చూడండి." ఒక నిమిషం నలభై సెకన్లు, అంతే. 2019 ఎండాకాలంలో ఒక తెలుగు న్యూస్ చానల్ వాళ్లు గుత్తికి దగ్గరలో, మన పక్క ఊరి చెరువులో తీసినది. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కొందరైతే అందులో ఉన్నారు కూడా.

కింద ఎర్రపట్టీ మీద "కరువు సీమలో చేపల పండగ" అని అక్షరాలు పరుగెత్తుతుంటాయి. వెనకాల డప్పు చప్పుడు. మోకాలి లోతు బురదనీళ్లలో వంద మందికి పైగా జనం. పంచలు ఎగ్గట్టినవాళ్లు, చీరకొంగులు నడుముకు దోపినవాళ్లు, దోమతెరలు, గంపలు, తువ్వాళ్లు, ఒకాయన చేతిలో మంచం నులక. బురదలోనుంచి చేప ఎగిరినప్పుడల్లా కేకలు. మన సంఘపు అక్క ఒకామె రెండు చేతులా ఒక బొచ్చెచేపను ఎత్తి పట్టుకుంటే మైకు పట్టుకున్న పిల్లవాడు "ఎట్లుందక్కా?" అని అడుగుతాడు. "శానా సంతోషంగా ఉందన్నా, ఎన్నాళ్లకో ఇంట్లో కూర!" అంటుంది. ఆ తర్వాత కెమెరా కట్ట మీదికి తిరుగుతుంది. అక్కడ స్కూటరుకు ఆనుకొని, తెల్లచొక్కా వేసుకొని, చంకలో బైబిలు సంచి పెట్టుకొని ఒక మనిషి నవ్వుతున్నాడు. అది మేమే.

ప్రసంగాలలో, ఈ పేజీలో, మేము ఎప్పుడూ "మేము" అనే అంటాము. సెమినరీలో అలవాటైన మాట. పాస్టరూ పాస్టరమ్మా పిల్లలూ అందరమూ కలిసి సేవలో ఉన్నామని దాని భావము. అయితే ఆ వీడియోలో నవ్వుతున్నది ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరో దాచుకోవడానికి ఈ "మేము"ను వాడుకోకూడదని ముందుగానే చెప్పుకుంటున్నాము.

ఆ ఏడాది సంగతి చిన్నపిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. మన అనంతపురం జిల్లాకు ఏటా పడే వానే సగటున 550 మిల్లీమీటర్లు. జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన మనకేనని బడిలో పంతుళ్లు చెప్తుంటే, అదేదో బహుమతి అన్నట్టు మా తరం పిల్లలం వినేవాళ్లం. 2018 ఖరీఫులో ఆ వాన కూడా రాలేదు. వేసిన వేరుశనగ ఊడలు దిగకుండానే మాడింది. 2019 ఉగాది నాటికి బోర్లు ఒకటొకటిగా గాలి కక్కడం మొదలుపెట్టినాయి. ఆదివారం తొమ్మిది గంటలకు ట్యాంకరు వస్తే, తొమ్మిదిన్నర ఆరాధనలో మగవాళ్లే కనబడేవారు. అక్కచెల్లెళ్లంతా బిందెల వరుసలో. నెల రోజులు చూసి, ఆరాధనను పదకొండుకు మార్చినాము. ట్యాంకరు డ్రైవరు మా ఆరాధన క్రమాన్ని నిర్ణయించినాడని అప్పట్లో నవ్వుకున్నాము గానీ, అదే నిజం.

నీళ్లు లేకపోతే ఏమవుతుందో గుత్తివాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. తలెత్తితే కోట కనబడుతుంది. 1776లో హైదరాలీ ముట్టడి వేసినప్పుడు మొరారీరావు అంత ఎత్తు కోటను వదులుకొన్నది ఫిరంగులకు కాదు, దప్పికకు. కొండమీద రాతిలో తొలిచిన గుంటల్లో నీళ్లు అయిపోయినాయి, కిందికి దిగి వచ్చినాడు. 1876 నుండి 78 దాకా వచ్చిన గొప్ప కరువు ఇంకొకటి. మన తాతముత్తాతల్లో చాలామంది మిషనరీల గంజి తొట్ల దగ్గరే మొదట యేసు పేరు విన్నారని ఇళ్లలో చెప్పుకునే మాట.

ఇక ఆ చెరువు. 2017లో దసరా ముందూ వెనకా కురిసిన వానలకు అది నిండింది. ఆ డిసెంబరులో అందులోనే పదకొండు మందికి బాప్తిస్మము ఇచ్చినాము. తూముకు ఎడమ పక్కన, నడుము లోతు వరకు దిగి. నీళ్లు చల్లగా ఉండి మా పళ్లు టకటకా కొట్టుకుంటే, చూస్తున్న పిల్లలు పకపకా నవ్వినారు. 2018లో కొత్త నీళ్లు రాలేదు. ఉన్నవి సగానికి దిగినాయి. అయినా పంచాయతీ వేలంలో ఆ చెరువును గుత్తకు పాడుకున్న బెస్తల కుటుంబం ఆ సెప్టెంబరులో చేప పిల్లలను వదిలింది. వానొస్తే పెరుగుతాయి, రాకపోతే చిన్నవైనా అమ్ముకోవచ్చు అని. గుత్తకు పాడుకోవడమంటే సేద్యం చేయడమే. కాకపోతే విత్తనం కనబడదు, పైరు కనబడదు, నష్టం మాత్రమే కనబడుతుంది.

ఇక్కడ మా చిన్నవాడి సంగతి చెప్పాలి. వాడికి అప్పుడు పదేండ్లు. ఎండాకాలం సెలవులు. యానిమల్ ప్లానెట్‌లో "రివర్ మాన్‌స్టర్స్" అని ఒక కార్యక్రమం వచ్చేది. జెరెమీ వేడ్ అనే ఇంగ్లీషాయన, ఒకప్పుడు జీవశాస్త్రం పంతులు, ప్రపంచంలోని నదులన్నీ తిరిగి గాలం వేసి పెద్ద పెద్ద చేపలు పట్టేవాడు. మన దేశానికీ నేపాలుకూ మధ్య పారే కాళీ నదిలో మనిషంత జెల్లచేపను పట్టినది కూడా చూపించినారు. మావాడికి ఆయన మాట సగం అర్థమయ్యేది కాదు, బొమ్మ చాలు. నీళ్లు అంటే ట్యాంకరు గొట్టం మాత్రమే కనబడే రోజుల్లో, తెర నిండా నది. మేము కూడా వార్తలు మార్చి వాడి పక్కన కూర్చున్న రోజులున్నాయి. ఎండకు రేకులు టపటపమంటుంటే ఆ నీళ్లను చూడటమే ఒక సేద. ఒక సాయంత్రం సంఘపు పెద్ద ఒకాయన వచ్చి మాతో పాటు చూసినారు. ఆ దొర అంత కష్టపడి పట్టిన చేపను ముద్దాడినంత పని చేసి మళ్లీ నీళ్లలోకి వదిలేసినాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి "కడుపు నిండినోడప్పా" అన్నారు.

అది చూసి మావాడు గాలం కట్టినాడు. వెదురు బద్ద, నైలాను దారం, ఎండిన జొన్నదంటు విరిచి బెండు. ముల్లు లేదు, ఎర లేదు. వానపాముల కోసం పెరడంతా తవ్వితే ఒక్కటీ దొరకలేదు. నేల రెండడుగుల దాకా సున్నం లాగా ఉంది. అయినా పోయి కట్ట మీద కూర్చున్నాడు. గుత్తకు పాడుకున్న కుటుంబంలోని అక్క వాడిని చూసి, తరిమేయడానికి బదులు, కొంగు మూటలోనుంచి గాలపు ముల్లు ఒకటి తీసి ఇచ్చిందట. "వానపాము యాడ దొరుకుతుంది నాయనా ఈ ఎండకు? సంగటి ముద్ద తెచ్చుకో, గట్టిగా పిసికి పెట్టు," అని చెప్పిందట. "మీ చెరువులో పట్టొచ్చా?" అని వీడు అడిగితే "గాలానికి నువ్వు పట్టేది ఏపాటి, కూచో" అన్నదట. రెండు వారాలు కూర్చున్నాడు. నాలుగు జిలేబి చేపలు పడినాయి. వేలెడంతవి. ఆ చేపలు మన దేశానివి కావు. 1952లో బయటినుంచి తెచ్చి వదిలినవి, ఇప్పుడు ఏ గుంటలో చూసినా అవే. ఈ సంగతులన్నీ వాడు ఇంట్లో చెప్తూనే ఉన్నాడు. మేము ఊఁ కొడుతూ ప్రసంగం రాసుకుంటూనే ఉన్నాము.

మే మొదటి వారం. ఓట్లు ఏప్రిల్ 11నే అయిపోయినాయి. లెక్కింపు 23న. ఆ నలభై రోజులూ చానళ్లకు చూపించడానికి ఏదో ఒకటి కావలసి వచ్చింది. ఒక పొద్దున రోగిని చూడటానికి పోతూ చెరువుకట్ట ఎక్కితే, జనం. స్కూటరు ఆపినాము. అప్పటికే కొందరు పట్టేసి గట్టెక్కినారు. కెమెరా పట్టుకున్న పిల్లవాడు ఆలస్యంగా వచ్చినట్టున్నాడు, "అన్నా, ఇంకోసారి దూకండన్నా, ఇంకోసారి!" అని బతిమాలుతుంటే, గట్టెక్కినవాళ్లు మళ్లీ దూకినారు. ఒక ముసలాయన ముందే పట్టిన చేపను మళ్లీ బురదలో ముంచి ఎత్తినాడు. అది చూసే మేము నవ్వినాము. వీడియోలో ఉన్న నవ్వు అదే.

మన సంఘస్థులు మూడు బొచ్చెచేపలు మా స్కూటరుకు తగిలించినారు. "అయ్యగారికి మొదటి ఫలము," అని ఒకరు అన్నారు. మేము వద్దనలేదు. మధ్యాహ్నము మా ఇంటామె కొత్త చింతపండు పోసి పులుసు పెట్టినారు. రాగి సంగటి. చాలా రోజుల తర్వాత ఇల్లంతా వాసన. ప్రార్థన చేసి, కృతజ్ఞతలు చెల్లించి తిన్నాము. మావాడు తినలేదు. కడుపు నొప్పి అన్నాడు.

సాయంత్రం ఏడింటికి టీవీలో వచ్చింది. వీధిలో వాళ్లంతా మా ఇంటికే వచ్చినారు. ఎవరి ముఖం కనబడినా చప్పట్లు. మా తెల్లచొక్కా కనబడగానే ఇల్లు కూలిపోయేటట్టు నవ్వులు. అందరూ పోయినాక చిన్నవాడు మెల్లగా అడిగినాడు: "నాన్నా, అవి వాళ్ల చేపలు కదా?"

ఎవరివి రా అన్నాము. నాకు ముల్లు ఇచ్చిన అత్తవాళ్లవి అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదని రాస్తే మీరు నమ్ముతారు. కానీ పట్టింది. కడుపు నిండా తిన్నాము కదా. నిద్ర పట్టనిది మరుసటి రాత్రి.

మూడు రోజుల ముందు, శుక్రవారం ఉపవాస కూడికలో మేము చెప్పిన వాక్యము యిర్మీయా పద్నాలుగో అధ్యాయము. అనావృష్టి గురించి ప్రవక్తకు వచ్చిన మాట అది. గొప్పవారు తమ పిల్లలను నీళ్ల కోసం పంపితే, గుంటల దగ్గరికి పోయి చూసి, ఖాళీ కుండలతో తిరిగి వచ్చి, సిగ్గుతో తలలు కప్పుకొంటారు. సేద్యగాళ్లు కూడా తలలు కప్పుకొంటారు. ఈ తల కప్పుకోవడం మీదే పావుగంట మాట్లాడినాము. యూదుల దేశంలో దుఃఖమొచ్చినా అవమానమొచ్చినా తలమీద బట్ట వేసుకునేవారని, దావీదు ఒలీవకొండ ఎక్కుతూ అట్లాగే ఏడ్చినాడని, సెమినరీలో చదివినదంతా చెప్పినాము. బాగుందన్నారు.

ఇప్పుడు తమ్ముడు పంపిన వీడియోను ఆపి ఆపి చూస్తే, మా తెల్లచొక్కాకు ఎడమ పక్కన, ఇరవై అడుగులు కూడా ఉండదు, కట్ట రాళ్ల మీద ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. ఒక్క సెకను. ముఖము కనబడదు. కొంగు తలమీదుగా ముఖం దాకా లాక్కొని ఉంది. ఎండకు కప్పుకున్నదేమోనని ఎవరైనా అనుకోవచ్చు. మేము ఆ రోజు అట్లా కూడా అనుకోలేదు. అసలు చూడలేదు.

మూడో రోజు వాళ్ల ఇంటికి పోయినాము. మరుసటి రోజే ఎందుకు పోలేదంటే, ప్రసంగం సిద్ధం చేసుకోవాలని మాకు మేమే చెప్పుకొన్నాము. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, లేవలేదు. అక్క నీళ్లు ఇచ్చింది. ట్యాంకరు నీళ్లు, కొలిచి పట్టుకునే నీళ్లు. అప్పుడు మొత్తం చెప్పింది. వారం ముందునుంచి తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయట. నీళ్లు తగ్గి వేడెక్కితే అందులో ఊపిరి తగ్గుతుంది. రాత్రంతా నీటిలోని పాచి కూడా ఆ ఊపిరినే వాడుకుంటుంది కాబట్టి తెల్లవారేసరికి చేపకు ఏమీ మిగలదు. ఈ లెక్క ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు, చేపల నోళ్లు చూసి నేర్చుకుంది. ఇంక ఆగితే చస్తాయని, మరుసటి రోజుకు లాగుడు వలకు మనుషులను మాట్లాడుకొన్నారు. గుంతకల్లు వ్యాపారి ఆటో పంపిస్తానన్నాడు. ఆ మాట కొళాయి దగ్గర ఎవరితోనో అనింది. రేపు వల వేస్తారంట అని ఊరంతా పాకింది. వల కంటే ముందు ఊరు దిగింది.

పిల్లలు తెచ్చిన డబ్బు డ్వాక్రా గ్రూపులో తీసిన అప్పు. పాట డబ్బులో రెండో కంతు ఇంకా కట్టాలి. "ఆపలేదామ్మా?" అని అడిగినాము, తెలివితక్కువగా. "ఇద్దరమే కదయ్యా. వాళ్లు ఊరు. కెమెరా కూడా వచ్చె. కెమెరా వచ్చినాక ఇంగ ఎవరు ఆగుతారు?" అన్నది. కాసేపాగి, "మీరు కూడా ఆడే ఉంటిరి కదయ్యా," అన్నది. కోపంగా అనలేదు. అదే మమ్మల్ని కూలదోసింది.

వల వేసేవాళ్ల దుఃఖము మన గ్రంథములో లేదా అంటే, ఉంది. యెషయా పంతొమ్మిదిలో ఐగుప్తు నది ఇంకిపోయే దినము గురించి చెప్తూ ప్రవక్త మనుషులలో మొట్టమొదట తలచుకున్నది నదిలో గాలము వేసేవారినీ వల పరిచేవారినీ. తర్వాత నార పని చేసేవారిని, నేతవారిని. అధిపతుల మాట ఆ తర్వాతే. ఎన్నిసార్లు ఆ అధ్యాయము చదివినామో లెక్క లేదు. ఐగుప్తు మీద తీర్పు అని శీర్షిక చూసి ముందుకు పోయేవాళ్లం.

ఆదివారం ఆరాధనలో ప్రసంగము బదులు ఈ సంగతి చెప్పినాము. మేము తిన్నాము, మూడు చేపలు, వాటి ధర ఇది, ఇదిగో అని డబ్బు బల్లమీద పెట్టినాము. మిగతావారు వారి వారి మనసును బట్టి చేయండి అన్నాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ మాట్లాడినారు. కొందరు ఏడ్చినారు. ఒక అన్న లేచి, "అయ్యగారూ, చెరువు ఊరిది, నీళ్లు దేవుడివి. రెండు దినాలాగితే ఎండకు చచ్చి కంపు కొట్టేవి. చచ్చేవాటిని తింటే పాపమా? పిల్లోళ్లు కూర తిని ఆరు నెలలాయె," అన్నారు. ఇంకొకరు, "ఆయమ్మ మన సంఘం కూడా కాదు," అన్నారు. రెండో మాటకు జవాబు తేలిక. మొదటి మాటకు ఈ రోజు కూడా మా దగ్గర సరియైన జవాబు లేదు. ఆ పిల్లల ఆకలి అబద్ధం కాదు. కరువు అందరినీ ఒకే గుంటలోకి దించింది, అందులో ఒకరి పంట ఇంకొకరి కూర అయింది. మేము చెప్పగలిగినదల్లా, ఆకలైనవాడు అడిగి తీసుకోవచ్చు, ఆ అక్క మావాడికి ముల్లు ఇచ్చినట్టు ఇచ్చి ఉండేదేమో, మనము అడగలేదు కదా అని. ఆ అన్న ఆరోజు బయటికి పోయి మళ్లీ క్రిస్మసుకే వచ్చినారు.

రెండు వారాలలో ఏడు వేల నాలుగు వందలు పోగయినాయి. టీవీలో బొచ్చెచేప ఎత్తి చూపించిన అక్క రెండు కూలి దినాల డబ్బు తెచ్చింది. ఆమె పట్టిన చేప విలువ కంటే అది ఎక్కువ. తీసుకుపోయి ఇచ్చినాము. ఆ బెస్తల అక్క లెక్కపెట్టుకొని, "పిల్లల ఖర్చు కూడా రాదయ్యా. అయినా తెస్తిరి," అని లోపల పెట్టుకుంది. జక్కయ్య నాలుగింతలు ఇచ్చినాడు. మాది వాళ్ల నష్టంలో నాలుగో వంతు కూడా కాలేదు.

కెమెరా పిల్లవాడి మీద అప్పట్లో మాకు కోపం ఉండేది. తర్వాత ఒకసారి బస్టాండులో టీ కొట్టు దగ్గర కలిసినాడు. నెల జీతం కూడా లేదు, వేసిన వార్తకు ఇంత అని ఇస్తారట. "ఆయమ్మ మాట కూడా తీసుకున్నానయ్యా. పంపించినా. పైన కోసేసినారు. కరువులో సంతోషం అంటే జనం చూస్తారంట," అన్నాడు. ఆ ఎండాకాలమే జూన్‌లో మద్రాసుకు నీళ్లిచ్చే పుళల్, చెంబరంబాక్కం చెరువులు పగుళ్లిచ్చిన బొమ్మలు ప్రపంచమంతా చూపించినారు. అదే నెలలో మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లి మైదానంలో బత్తినివారి మందు కోసం కొరమీను పిల్లలను గొంతులో వేయించుకునే వరుసలు గంటల తరబడి చూపించినారు. మా ఇంట్లో ఆ మందు మీద మాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇక్కడ వద్దు. చేపను ఇన్ని విధాలుగా చూపించిన ఆ ఏడాది తెర మీద, చేపను పెంచిన మనిషి ఒక్క సెకను కనబడింది.

కరువు బొమ్మ తీయడం కొత్త పని కూడా కాదు. 1876 కరువులోనే హూపర్ అనే సైన్యాధికారి ఒకాయన మద్రాసు ప్రెసిడెన్సీలో ఎముకల గూళ్లైన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీసినాడు. బొమ్మ తీసుకొని అన్నం పెట్టకుండా పంపేసినాడని ఆయన మీద ఆనాడే నింద వచ్చింది. ఇది రాస్తుంటే మా చేయి కొంచెం ఆగింది. ఎందుకంటే అదే 2019లో మేము కూడా ఫొటోలు తీసినాము. ఖాళీ బిందెలతో సండే స్కూలు పిల్లలను వరుసగా నిలబెట్టి, "నవ్వొద్దు" అని చెప్పి, ప్రార్థనా సహాయము కోరుతూ పట్టణపు సంఘాలకు పంపినాము. వాళ్లు వద్దన్నా నవ్వుతూనే ఉన్నారు. నాలుగైదు సార్లు తీయాల్సి వచ్చింది. కెమెరా పిల్లవాడు ఇంకోసారి దూకండన్నాడు, మేము నవ్వొద్దన్నాము. వచ్చిన సహాయంతో రెండు నెలలు ట్యాంకర్లు తోలించిన మాట నిజమే. ఆ ఫొటోలు మాత్రం మళ్లీ ఎక్కడా పెట్టలేదు.

2020లో వానలు దండిగా పడినాయి. చెరువు నిండి మరవ పారింది. మళ్లీ ఒక చానల్ వచ్చింది, మరవ కింద పిల్లలు ఎగురుతుంటే తీసుకొని పోయింది. వేలంలో ఆ కుటుంబమే మళ్లీ పాడింది. అప్పు తీరకుండానే. చేప పిల్లలు ప్లాస్టిక్ సంచుల్లో వచ్చిన రోజు ఆ అక్క మనిషిని పంపించింది, అయ్యగారిని ఒకసారి రమ్మను అని. పోయేసరికి కట్టమీద గంగమ్మకు టెంకాయ కొట్టి ఉన్నారు. "మా మొక్కు మేము మొక్కుకొన్నాము. మీరు కూడా మీ దేవునికి ఒక మాట చెప్పండయ్యా," అన్నది. కొందరు సేవకులకు ఇది నచ్చకపోవచ్చు. మేము చెప్పులు విడిచి, బాప్తిస్మము ఇచ్చిన తావుకు దగ్గరలోనే నీళ్లలోకి దిగి, ప్రార్థన చేసినాము. ఏం ప్రార్థించినామో గుర్తు లేదు. నీళ్లు మళ్లీ చల్లగా ఉన్నాయి.

మావాడు గాలం తెచ్చుకున్నాడు. తూము దగ్గర నీటిమీద ఎర్రగా, బంతిలాగా ఒక గుంపు కదులుతుంటే అటు వేయబోయినాడు. అక్క గట్టిగా అరిచింది. "అది కొరమీను పిల్లల గుంపు నాయనా. కింద తల్లి ఉంటాది, కాపలా. పిల్లల మీద పడిందేదైనా కరుస్తాది, నీ ముల్లు కూడా. అప్పుడు పట్టేది శానా సులువు. అందుకే పట్టరాదు." నీళ్లు ఎండితే ఆ చేప బురద లోపలికి పోయి, నోటితో గాలి పీల్చుకుంటా వాన దాకా ఉంటుందని, ఆ కరువు ఏడు చెరువులో మిగిలింది అవొక్కటేనని కూడా చెప్పింది.

వాడు దారం చుట్టుకొని వచ్చి, సంగటి ముద్ద ఇంకా చేతిలోనే పెట్టుకొని, ఆమె పక్కన కట్టమీద కూర్చున్నాడు. ఆ ఎర్రబంతి తూము దాటి తుంగలోకి పోయేదాకా ఇద్దరూ చూస్తూ ఉన్నారు.